చీర అంచున రాజుగారి మీసం

ఒకానొక రాజ్యం ఉండేది. ఎక్కడని అడక్కండి, నాకూ తెలీదు. రాజుగారి పేరు మాత్రం గండభీమరాజు. వాదనలో తనను గెలిచేవాడు పుట్టలేదని ఆయనకు మహా గర్వం. నిజం చెప్పొద్దూ, మాటకారే.

ఒకనాడు ఆయనకో బుద్ధి పుట్టింది. రాజ్యంలో నేసే ప్రతి చీర అంచు మీదా తన మీసాల బొమ్మ ఉండాలని చాటింపు వేయించారు.

ఆ రాజ్యంలో సాలెలు, అద్దకంవాళ్ళు, గానుగవాళ్ళు, వర్తకులు అందరూ కలిసి పెట్టుకున్న మహాసంఘం ఒకటుండేది. దాని పెద్ద బొమ్మిశెట్టి కొలువుకొచ్చి, "ప్రభూ, మీసాలున్న చీర ఏ ఆడమనిషి కట్టుకుంటుంది? నేసిన సరుకంతా మూలన పడుంటుంది. సాలెల పొట్ట కొట్టకండి" అన్నాడు.

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది.

"రాజ్యం నాదా, మీ సంఘానిదా? రేపటితో సంఘం రద్దు. ఆ సంఘం ఇంట్లో నా గుర్రాలను కట్టేయిస్తాను."

బొమ్మిశెట్టి మొహం పాలిపోయింది. సంఘం లేకపోతే పనివాళ్ళ గోడు కొలువుదాకా తెచ్చే దిక్కే ఉండదు.

అప్పుడు ఆస్థానంలోని పేరిభట్టు లేచాడు. గడుసు మనిషి.

"రద్దు చేయాల్సిందే ప్రభూ. కానీ సంఘంలో ఒక ఆచారముంది. తగువొస్తే ఎవరి పక్షం వాళ్ళు మాట్లాడకూడదు. సాలె తరఫున అద్దకంవాడు, అద్దకంవాడి తరఫున సాలె వాదించాలి. ఆ పద్ధతిలోనే గెలిచారంటే ఇక వీళ్ళు కిక్కురుమనరు. అయితే..."

"అయితే ఏమిటోయ్?"

"బొమ్మిశెట్టికది చిన్నప్పటి నుంచీ అలవాటు. తమరికి కొత్త. పోనిద్దురూ, మనకెందుకొచ్చిన గొడవ."

"నాకు కొత్తా? ఇప్పుడే కానివ్వు. తీర్పు సభవారే చెబుతారు."

బొమ్మిశెట్టి రాజుగారి పక్షాన మొదలెట్టాడు. "అంచున మీసముంటే ప్రభువుల కీర్తి ఇంటింటికీ పాకుతుంది. ఇక సంఘమంటారా, ఒక రాజ్యానికి ఇద్దరు రాజులెందుకు?"

సభ తలలూపింది. అది చూసి రాజుగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. సింహాసనం దిగొచ్చి సంఘం పక్షాన అందుకున్నారు.

"కీర్తా? ఆ చీర రేవుకు వెళ్ళిన ప్రతిసారీ రాజు మీసాన్ని బండకేసి బాదుతారు. వీధిలో నడిస్తే అది దుమ్ములో జీరాడుతుంది. ఈ మాట రాజు మొహాన చెప్పే ధైర్యం ఒంటరి సాలెకు ఉంటుందా? సంఘమే చెప్పాలి. చెప్పేవాళ్ళు లేని రాజు నవ్వులపాలవుతాడు."

సభ దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు.

"గెలుపు ప్రభువులదే" అన్నాడు పేరిభట్టు. "బొమ్మిశెట్టీ, ఓడిపోయావు. ఇక సంఘం ఉండి తీరాలి, మీసాలు అంచెక్కకూడదు."

రాజుగారు ఇరుకున పడ్డారు. కాదంటే ఓడినట్టే. అవునంటే చాటింపు పోయినట్టే. చివరికి పొట్ట పట్టుకుని నవ్వారు. చేతి కంకణం తీసి పేరిభట్టుకు తొడిగారు.

"అది సరే గాని శెట్టీ, నీ కొంప మునిగే వాదన అంత గట్టిగా ఎందుకు వాదించావయ్యా?"

బొమ్మిశెట్టి చేతులు జోడించాడు. "మెత్తగా వాదిస్తే, తమరు ఇంత కష్టపడి మమ్మల్ని గెలిపించేవారా ప్రభూ?"

రాజుగారు మళ్ళీ నవ్వారు. ఈసారి రెండో కంకణం కూడా ఊడి శెట్టి చేతికెక్కింది.