వల తాడు పట్టుకున్న భావనారాయణ

మా గురువుగారు వేదగిరిస్వామికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. లేచి చెప్పులు వెతుక్కుంటారు. అలా లేచారంటే ప్రశ్న ఆయనకి నచ్చిందని అర్థం. నచ్చకపోతే కూర్చున్న చోటునుంచే శాస్త్రం చెబుతారు.

ఒక ఆదివారం ఉదయం ఆశ్రమంలోని శిష్యుడు భావనారాయణ ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చీమ కుట్టినా "దానికేం కష్టమొచ్చిందో పాపం" అనుకునే మనిషి. ఆ రోజు మాత్రం ముఖం వాడిపోయి ఉంది.

"స్వామీ, నాలో భక్తి లేదు. జపానికి కూర్చుంటే మొదటి పూస దగ్గర నారాయణుడుంటాడు. రెండో పూసకల్లా పెసరట్టు వచ్చేస్తుంది. మనసు లేని జపం భగవంతుణ్ణి మోసం చేయడం కాదా? ఈ సాయంత్రం రైలుకి రాజమండ్రి వెళ్ళిపోతాను, మా అన్నయ్య దగ్గరికి. మోసగాడిగా మీ దగ్గర ఉండలేను."

నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు. కానీ జపంలో ఏ పెసరట్టూ అడ్డు రాని మహానుభావులెవరైనా ఉంటే చెయ్యెత్తండి, వచ్చి పాదాలకి దణ్ణం పెడతాను!

స్వామి చెప్పులు వెతుక్కున్నారు.

మా ఆశ్రమం దాటాక కొన్ని కొత్త అపార్ట్‌మెంట్లు, అవి అయిపోయిన చోట జాలరిపాలెం, పాలేన్ని ఆనుకుని సముద్రం. ఊళ్ళోని పెద్ద బీచిలా అక్కడ జనం ఉండరు. నడకకి వచ్చిన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు, ఎవరూ కొనకపోయినా వచ్చి నిలబడే ముంతమసాలా బండి, ఇసుకమీద ఆరేసిన వలలు, వాటి పక్కన కునుకు తీసే కుక్కలు. స్వామి వెనక మేమిద్దరం వెళ్ళేసరికి పెద్దవల లాగుతున్నారు. పడవ లోపలికి వెళ్ళి వలని చుట్టూ జారవిడిచి వస్తుంది. దాని రెండు తాళ్ళనీ ఒడ్డున రెండు వరసలుగా నిలబడి లాగుతారు, ఆడా మగా అని లేకుండా.

స్వామి బోర్లించిన పడవ నీడలో ఒక ముసలమ్మ పక్కన కూర్చున్నారు. భావనారాయణ నిలబడే ఉన్నాడు. ఒక వరస మధ్యలోంచి ఎర్రమ్మ అనే ఆవిడ కేకేసింది.

"ఏటి బాబూ, బొమ్మలా నిలబడ్డావు? సూత్తే సేపలొస్తాయేటి? ఓ సెయ్యెయ్యి!"

అతను స్వామి వైపు చూశాడు. స్వామి సముద్రం వైపు చూశారు. ఇక చేసేదిలేక పంచె ఎగగట్టి, ఎర్రమ్మ ముందు నిలబడి తాడు పట్టుకున్నాడు. లాగాడనే చెప్పాలి. కానీ కళ్ళు పీతలు దూరే కన్నాల మీద, నడిచే పెద్దమనుషుల బూట్ల మీద, ముంతమసాలా మీద. అంతలో ఒక పెద్ద కెరటం లేచి వలని వెనక్కి గుంజింది. వరస వరసంతా మోకాళ్ళలోతు నీళ్ళలోకి జారింది. "వొదలకండ్రా!" అని ఎవరో అరిచారు. భావనారాయణ కళ్ళు గట్టిగా మూసుకుని తాడుని కావలించుకున్నాడు. కెరటం వెళ్ళిపోయింది. వల ఒడ్డుకి వచ్చింది, దాని సంచినిండా నెత్తళ్ళనే చిన్న చేపలతో, వెండి పోసినట్టు.

అప్పుడు పంపకాలు మొదలయ్యాయి. ఎర్రమ్మ రెండు దోసిళ్ళ నెత్తళ్ళు తెచ్చి భావనారాయణ భుజంమీది తువ్వాల్లో పోయబోయింది. అతను రెండడుగులు వెనక్కి గెంతాడు.

"అయ్యయ్యో, నాకెందుకమ్మా! నేను శాకాహారిని."

"తినమన్నానేటి? నీ వాటా నువ్వు పట్టుకో. తరవాత ఎవలికిచ్చుకున్నా నీ ఇష్టం. గంగమ్మ తల్లి ఇచ్చింది వొద్దంటే రేపు వల ఖాళీగా వస్తాది. మా పొట్టలు కొడతావేటి?"

అతని ముఖంలో రంగు మారింది. ఇది మర్యాదకి వద్దనే వ్యవహారం కాదని తెలిసింది. ఉన్నమాట చెప్పేశాడు.

"నాకు వాటా న్యాయం కాదమ్మా. నా మనసు తాడు మీద లేదు."

"నీ మనసుతోటి మాకేటి పని? సేతులు తాడు మీదే ఉన్నాయి కదా!"

"అది కూడా కెరటం వచ్చినప్పుడు పడిపోతానన్న భయంతో పట్టుకున్నాను."

ఎర్రమ్మ పకపకా నవ్వింది. వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా అంది: "ఇన్నారేటర్రా! ఈ బాబు పడిపోతానని తాడట్టుకున్నాడంట! మరి మనవెందుకట్టుకున్నాం?"

తీరమంతా నవ్వు. ఆ నవ్వులో ఎగతాళి లేదండీ. ఇంట్లో మనిషిని చూసి నవ్వే నవ్వు అది. తువ్వాలు బరువెక్కింది. భావనారాయణ దాన్ని చంటిపిల్లని మొదటిసారి ఎత్తుకున్నవాడిలా పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియక పడవ నీడకి వచ్చాడు. స్వామి పక్కనున్న ముసలమ్మ ఒళ్ళోని ఖాళీ బుట్ట చూసి, వంగి, మొత్తం అందులో పోసేశాడు. ఆవిడ తడి చేత్తో అతని తల నిమిరింది.

"సల్లగుండు నాయనా. నా సేతులు తాడట్టుకోలేవు. నీ సేతులు నాక్కూడా తెచ్చినాయి."

భావనారాయణ తన అరచేతులు చూసుకున్నాడు. తాడు ఒరుసుకుని ఎర్రగా కందిపోయాయి.

తిరిగి వస్తూ, అపార్ట్‌మెంట్ల దగ్గర ధైర్యం చేసి అడిగాడు. "స్వామీ, నా ప్రశ్నకి మీరేమీ చెప్పలేదు."

స్వామి ఆగి, కాళ్ళకంటిన ఇసుక దులుపుకున్నారు.

"నువ్వు వెనక్కి వెళ్ళి, రేపు వల ఎన్నింటికి వేస్తారో కనుక్కురా."