సీసాన్ని కట్టేసిన వట్టివేరు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త సుంకులమ్మ. మేకలు కాసిన మనిషి. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను, ఒక్క ముక్క కలపలేదు.

ఒకప్పుడు వట్టివేరు గడ్డికి జానెడు వేళ్ళే ఉండేవి. చంటిపిల్ల లాగినా ఊడొచ్చేది.

ఆ రోజుల్లో మనుషులు ఎర్రగుట్టను తవ్వి, లోపల నిద్రపోయే సీసాన్ని బయటికి లాగారు. కావలసింది పట్టుకుపోయారు. మిగిలిన మట్టి కుప్పపోసి గని వదిలేశారు. వాన పడింది. కుప్పలోని సీసం నీళ్ళతో జారి బీళ్ళలో దూరింది.

గోంగూర ఆ నీళ్ళు తాగి ఆకుకి ఎక్కించింది. జొన్న తాగి కంకికి ఎక్కించింది.

గుట్ట కింద ఈరమ్మకి పన్నెండు మేకలు. ఎక్కడికి పోయినా ముందు బూది అనే ముసలి మేక నోరు పెట్టాలి. దానికేం కాకపోతేనే మంద మేయాలి. అదీ వాళ్ళ పద్ధతి. బూది గోంగూర తింది, ఏమీ కాలేదు. మందంతా మేసింది. సీసం మెల్లగా చంపుతుందని ఎవరికి తెలుసు? నెల తిరిగేసరికి అన్నిటికీ కాళ్ళు వణికాయి.

ఈరమ్మ కూలబడి ఏడ్చింది. "ఓ గడ్డీ గాదమా! ఒక్కరైనా మంచి ఆకు పెట్టరా? నా మేకలు చచ్చిపోతాయే!"

"నేను పెడతానమ్మా," అంది వట్టివేరు.

సీసం పగలబడి నవ్వింది. "జానెడు వేరుదానివి! నువ్వు నన్ను ఆపుతావా?"

"రా, తాగుతాను. మెడ మాత్రం దాటనివ్వను."

వట్టివేరు వేళ్ళు దింపింది. మూరెడు, బారెడు, రెండు బారలు! దొరికిన సీసాన్ని దొరికినట్టు వేళ్ళలోనే బిగించింది.

"అక్కా, ఒక్కసారి ఆకు దాకా పోయి ఎండ చూసొస్తానే," అని సీసం బతిమాలింది.

"ఇప్పుడు అక్కనయ్యానా? కూర్చో అక్కడే!"

ఈసారి ఈరమ్మ తొందరపడలేదు. మందకి పై కొండ నుంచి ఆకు మోసింది. బూదికి మాత్రం నెలంతా వట్టివేరు ఆకే పెట్టింది. ఒక పొద్దున బూది లేచి ఈరమ్మనే కుమ్మింది!

"ఓసి నీ కొమ్ములు విరగ! బతికావే!" అని ఈరమ్మ గంతులేసి మందను వట్టివేరు మేతకి వదిలింది.

అప్పటినుంచే వట్టివేరు పక్కలకి పాకదు, నిలువునా పాతాళానికి దిగుతుంది. పాత గనుల దగ్గర విషాన్ని వేళ్ళలోనే పట్టి ఉంచుతుంది. పిల్లలూ, అలాంటి చోట దాని వేరు తవ్వకండి.

పై ఊరి పంతులు కొండలయ్య ఈ పని తంగేడు చేసిందని బడి గోడ మీద రాయించాడు. మేకలు కాసుకునే నేను పదహారేళ్ళుగా చెప్తున్నా దిద్దడు. చదువొచ్చినవాళ్ళు ఎవరైనా పోయి తంగేడు కొట్టేసి వట్టివేరు అని రాయండి. పెద్ద అక్షరాలతో రాయండి.