మూడో తీగ

“మాస్టారూ, ఆరువందల పన్నెండు గంటలు సాధన చేశాను. ఇంకెన్ని గంటలు చేస్తే ఇది నా మాట వింటుంది?”

కెజియా ఈ ప్రశ్న అడిగింది గుంటూరులో, మే నెల మిట్టమధ్యాహ్నం, దైవాధీనం మాస్టారి మేడగదిలో. మాస్టారు ముప్పయ్యేళ్ళు మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో మనిషెత్తు వయొలిన్‌లాంటి డబుల్ బాస్ వాయించినవారు. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆ గదిలో రెండు బాస్‌లు ఉండేవి. ఒకటి శిష్యులకు. రెండోది మూలన, తెల్లదుప్పటి కప్పుకుని, వాయించేవాళ్ళకు ఎదురుగా నిలబడి ఉండేది. అది పరంజ్యోతిది. ఆయన మాస్టారితో కలిసి ఒకే స్వరాల స్టాండు ముందు వాయించినవారు, పదకొండేళ్ళ క్రితం పోయారు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

కెజియా తొందర మనిషి. ఎవరూ చెప్పకుండానే పుస్తకాలు తెచ్చుకుని మొదలుపెట్టింది. బాస్ ఆమె కంటే జానెడు ఎత్తు. తీగలు పలుపుతాళ్ళలా ఉండేవి. వేళ్ళ మీద బొబ్బలు చిట్లి కాయలు కాశాయి. కింది వాటావాళ్ళు రోజూ “పైన బస్తాలు ఈడుస్తున్నారా?” అని అడిగేవారు. నాలుగు రోజుల్లో పెంతెకొస్తు పండుగ ఆదివారం. చర్చి గాయకబృందంతో ఆమె వాయించాలి. శ్రుతి కుదరకపోతే ఆ చోటు కీబోర్డుకి ఇచ్చేస్తానని బృందం పెద్ద తేల్చి చెప్పాడు. అందుకే ఆమె తీగ పొడవు కొలిచింది. నూటారు సెంటీమీటర్లు. పైకొస నుంచి అందులో నాలుగో వంతు, ఇరవై ఆరున్నర దగ్గర, టేపు అంటించింది. లావుపాటి నాలుగో తీగను అక్కడ నొక్కితే పక్కనున్న మూడో తీగ స్వరమే పలకాలి. లెక్క తప్పలేదు. స్వరం మాత్రం ఎప్పుడూ కాస్త తేడాగానే పలికేది.

“వాయిద్యం నేర్చుకుంటున్నావా, వడ్రంగమా?” అన్నారు మాస్టారు. “ఆ టేపు పీకెయ్.”

“మరి చోటు ఎలా తెలుస్తుంది?”

“అడుగు.”

“ఎవర్ని?”

మాస్టారు గడ్డంతో మూల వైపు చూపించారు.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి, ఆగింది. తొమ్మిది నెలలుగా ఆ ఫ్యాను చప్పుడులోనే వాయిస్తున్నానని కెజియాకు అప్పటిదాకా తెలియదు.

టేపు పీకి, కమాను ఆనించి, నాలుగో తీగ మీద వేలు కొద్దికొద్దిగా జరిపింది. ఒకచోట పాదాల కింద నేల సన్నగా అదిరింది. బెదిరి కమాను ఎత్తేసి, తీగలన్నిటినీ అరచేత్తో అదిమింది. తన బాస్ ఆగింది. స్వరం ఆగలేదు. మూలన దుప్పటి అంచు వణుకుతోంది. లెక్కపెట్టింది. తొమ్మిది సెకన్లు. మళ్ళీ వాయించింది. అదే చోట, మళ్ళీ తొమ్మిది. వెంట్రుకవాసి పక్కకు జరిగితే మూలలో ఉలుకూ పలుకూ లేదు. మాస్టారి రెండు చేతులూ మజ్జిగ గ్లాసు చుట్టూనే ఉన్నాయి.

“ఇది అనునాదం మాస్టారూ,” అంది. “ఒకే శ్రుతిలో ఉన్న రెండు తీగల్లో ఒకటి మోగితే రెండోదీ మోగుతుంది. నా స్వరానికి దాని మూడో తీగ పలుకుతోంది. ఇంటర్ పాఠమే ఇది.”

“పాఠమేనమ్మా. దుప్పటి తీసి చూడు. ఇవాళ ముట్టుకోవచ్చు.”

తీసింది. అలవాటుగా లెక్కపెట్టింది. ఒకటి, రెండు. తర్వాత ఖాళీ. దాని పక్కన లావుపాటి నాలుగోది. మూడో తీగ ఉండవలసిన చోట సన్నటి దుమ్ము గీత మాత్రమే ఉంది.

“దాన్ని చుట్టచుట్టి వాడి సమాధిపెట్టెలో పెట్టాం,” అన్నారు మాస్టారు. “వాడే అడిగాడు.”

కెజియా దుప్పటిని జాగ్రత్తగా, నిద్రపోతున్నవాళ్ళకు కప్పినట్టు కప్పి, వచ్చి తన చోట నిలబడింది. కిందపడిన టేపు జోలికి వెళ్ళలేదు. కళ్ళు మూసుకుని వేలు పెట్టింది. మొదటిసారికే మూల బదులిచ్చింది.

“ఆదివారం చర్చిలో ఈ మూల ఉండదు కదా మాస్టారూ?”

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

“గంటల సంగతి నాకు తెలియదమ్మా. వాడెప్పుడూ నా ఎడమపక్కన నిలబడేవాడు. ఆదివారం నువ్వూ ఆ పక్క కాస్త చోటు వదిలిపెట్టు.”