తాటి మొలక దాచుకున్న సంగతి

ఒకప్పుడు తాటి మొలకలు పుట్టీ పుట్టగానే తామెవరో చెప్పేసేవి. మగ మొలకకి ఆకు అంచు ఎర్రగా ఉండేది, ఆడ మొలకకి పసుపుగా ఉండేది. దూరం నుంచి చూసినా ఇట్టే తెలిసిపోయేది. ఆ ఒక్కటీ తెలిస్తే చాలు, మిగతాదంతా మనుషులే ఊహించేసుకునేవారు.

సముద్రపు ఒడ్డున పోలయ్య, నరసమ్మ అనే ఆలుమగలు తాటితోపు పెంచుకునేవారు. చెడ్డవాళ్లేం కాదు. కాకపోతే వాళ్లకి అన్నీ ముందే తెలుసు. వచ్చిన చిక్కల్లా అదే.

ఆ తోపులో ఒక తల్లి తాటిచెట్టు ఉండేది. ఓ ఏడాది దాని పండు ఒకటి రాలి, అందులోంచి రెండు టెంకలు మొలిచాయి. ఒకటి పసుపంచు అక్క. రెండోది ఎర్రంచు తమ్ముడు.

నరసమ్మ అక్కని నూతి పక్కన నాటింది. చుట్టూ దడి కట్టి రెండు పూటలా నీళ్లు పోసింది. "ఆడ మొలక గదా, గాలి తగిలితే తట్టుకోలేదు" అంది.

పోలయ్య తమ్ముణ్ని తీసుకెళ్లి ఇసుకమెట్ట మీద పాతి చేతులు దులుపుకున్నాడు.

"దానికీ ఓ చెంబుడు పొయ్యి మావా" అంది నరసమ్మ.

"మగదానికి నీళ్లేటే? అదే బతికేస్తాది" అన్నాడు పోలయ్య.

నీళ్లు పైపైనే దొరుకుతుంటే అక్క వేళ్లు లోతుకి పోలేదు. నీళ్లే దొరక్క తమ్ముడి ఆకు ఎదగలేదు. చూడ్డానికి వచ్చిన వాళ్లకల్లా పోలయ్య అదే చూపించేవాడు. "సూసినారా, మగది మొండి, ఆడది మెత్తన. వాటి పుట్టుకే అంత" అనేవాడు. అందరూ తలలూపేవారు. చెంబు ఎటు వంగుతోందో మాత్రం ఒక్కరూ చూడలేదు.

ఎండాకాలం వచ్చింది. "అమ్మా, దాహం" అన్నాడు తమ్ముడు. వాడి ఆకు సగం ఎండిపోయింది.

ఆ వెంటనే గాలులు మొదలయ్యాయి. దడి ఎగిరిపోయింది. "అమ్మా, పడిపోతున్నాను. నాకు పట్టు లేదు" అంది అక్క.

తల్లిచెట్టుకి కదలడం రాదు, వంగడం రాదు. పిల్లలిద్దరూ కళ్ల ముందే పోతుంటే దానికి ఏడుపొచ్చింది.

"నేలమ్మా, ఇద్దరూ ఒకే పండులోంచి వచ్చారు. ఇద్దర్నీ ఒకేలా చేసెయ్యవా?" అని అడిగింది.

"అది నా వల్ల కాదు తల్లీ" అంది నేల. "నీ కూతురు ముంజలు కాస్తుంది, నీ కొడుకు కాయడు. టెంకలో ఉన్నదాన్ని నేను మార్చలేను. కానీ నీళ్లు ఎవరికి, గాలి ఎవరికి అన్నది టెంకలో లేదు. అది పోలయ్య అనుకున్నది."

"మరేం చెయ్యను?"

"ఆ అంచుల రంగు ఇక ఏ తాటి మొలకకీ లేకుండా నేను తీసేసుకుంటాను. కానీ పూత పూసేదాకా ఏది ఏదో ఎవరికీ తెలీదు. పన్నెండేళ్లు పట్టొచ్చు, పదిహేనేళ్లు పట్టొచ్చు. కొడుకెవరో కూతురెవరో నీకూ తెలీదు మరి."

తల్లిచెట్టు నూతి వైపు ఓసారి, ఇసుకమెట్ట వైపు ఓసారి చూసింది. పిల్లల్ని ఎత్తుకోలేని తల్లికి, అమ్మాయీ అబ్బాయీ అని పిలుచుకోవడమొక్కటే ముచ్చట.

"తెలియకపోతే పోనీ, ముందు బతకనీ" అంది చివరికి.

నేల తన పట్టు వదిలింది. గాలి ఇద్దర్నీ పెళ్లగించి, దొర్లించి, తల్లి మొదట్లో పడేసింది. తెల్లారేసరికి ఆకులకి ఎరుపూ లేదు, పసుపూ లేదు. ఇద్దరి ఒళ్లూ ఇసుకే.

పోలయ్య చేతికొకటి పట్టుకుని నిలబడ్డాడు. "ఇది లావుగుంది. ఇదే మగది."

"నా నీళ్లు తాగి లావైందేమో" అంది నరసమ్మ.

"అయితే రెండోది మగది. సూడు, ఎలా ఎండిపోనాదో."

"నువ్వు నీళ్లు పొయ్యకపోతే ఏదైనా ఎండిపోతాది మావా."

పోలయ్య రెంటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ వయసులో తనకి తెలియనిది ఒకటుందని ఒప్పుకోవడం కష్టమే మరి. కాసేపటికి గునపం తెచ్చి పక్కపక్కనే రెండు గోతులు తవ్వాడు. రెంటికీ ఒకే ఎండ, ఒకే గాలి. చెంబు కూడా రెంటికీ ఒకేలా వంగింది.

పదిహేనేళ్లయింది. ఒక వేసవిలో ఒక చెట్టు ముంజలు కాసింది. పక్కచెట్టు చేతివేళ్లలాంటి పొడుగు పూగెలలు వేసింది గానీ కాయలేదు. అప్పటికి రెండూ ఎన్నో తుఫానులు చూశాయి. తల్లిచెట్టు ఇన్నేళ్లకి మళ్లీ "అమ్మాయీ", "అబ్బాయీ" అని పిలిచింది. రెండు జవాబులూ ఒకే ఎత్తు నుంచి వచ్చాయి.

అప్పటినుంచే తాటి మొలకని చూసి ఆడో మగో ఎవరూ చెప్పలేకపోతున్నారు. పూత వచ్చేదాకా ఆగాల్సిందే. ఈలోగా చెంబు పట్టుకుని వచ్చి ఎవరెన్నిసార్లు అడిగినా, తాటి మొలక చెప్పే సంగతి ఒకటే. దాహంగా ఉందని.