ఎండుచేపల వరస

దుర్ముఖి నామ సంవత్సరం, నడివేసవి. కందిమల్ల పట్నంలో దగ్గుజ్వరం పాకింది. సంత జరిగేది ఇరుకు సందులో. అక్కడ ఒకరు దగ్గితే పదిమంది మంచం పట్టేవారు.

దివాను సోమదేవయ్య రాజుగారి పేర చాటింపు వేయించాడు: “గంపకూ గంపకూ రెండు బారల ఎడం ఉండాలి. తప్పితే సంత మూసేస్తాం!”

సంత మూస్తే పట్నం పస్తులే. కూరగాయలమ్మే బాలనాగి వెదురుకర్ర తెచ్చి, ఎడం కొలిచి అందరినీ కూర్చోబెట్టింది. వరస సందు దాటింది, రాజవీధి దాటింది. చివరికి ఎండుచేపల గంపలు దివానుగారి గుమ్మం ముందుకొచ్చాయి.

దివాను ముక్కు మూసుకుని బయటికొచ్చాడు. “నా వాకిట్లో చేపలేమిటే?” అని కర్ర పట్టుకున్న బాలనాగిని అడిగాడు.

“తమరి హుకుమే అయ్యగారూ. బెత్తెడు కూడా తప్పలేదు, కొలిపించుకోండి.”

“దగ్గరదగ్గరగా జరపండి!”

“అట్లాగే. రాజుగారి మాట పక్కన పెట్టమన్నారని ఇంకో చాటింపు వేయించండి, ఇప్పుడే జరుపుతాం.”

బాలనాగి కర్రతో ఎదురుగా చూపించింది. “తమరి రెండు గుర్రాలు తిరిగే ఆ మైదానంలో అయితే అందరం పడతాం. గాలి కూడా అటు నుంచి అటే పోతుంది.”

పొద్దు వాలకముందే మైదానం గేటు తెరిచారు. వారం తిరిగేసరికి కొత్తగా మంచం పట్టేవాళ్లు తగ్గారు. జబ్బు పోయాక కూడా సంత అక్కడే సాగింది. నీడకు వేపమొక్కలు నాటారు.

ఆ గేటు తెరిచేలోపే సందులో అంటుకున్న జబ్బుతో ముప్పై ఏడుగురు పోయారు. వారిలో బాలనాగి చెల్లెలు ఒకతె.