ఎవరి కంటా పడని పులస

గోదారి లంకలో కొబ్బరిపీచు తాళ్ళు పేనుకునే అన్నదమ్ములు ముగ్గురు. పెద్దోడు దండియ్య, నడిపోడు గవరయ్య, చిన్నోడు పోలినాయుడు. "ఊళ్ళో బుర్రలు నూరుంటే, తెలివున్నవి మూడే" అని దండియ్య రోజూ అనేవాడు. ఆ మూడోది తనదే అని పోలినాయుడు పొంగిపోయేవాడు.

వాళ్ళ అక్క వరాలమ్మ పురిటికని పుట్టింటికొచ్చింది. మూడు రోజులుగా మెతుకు ముట్టట్లేదు.

"ఏం తింటావక్కా?"

"పులస పులుసైతేనే తింటాను. ఇంకేదీ నోటికి పోవట్లేదురా."

అంతే! పేనుతున్న పీచు ఎక్కడిదక్కడే వదిలేసి ముగ్గురూ రేవుకి పరుగెత్తారు. గోదారికి ఎర్రనీరు తగిలింది. సముద్రం నించి పులసలు ఎదురీదుకుంటూ వచ్చే రోజులవి. రేవులో ముసలి జాలరి లోవరాజు తాత వల బాగుచేసుకుంటున్నాడు.

"తాతా, అక్కకి పులస కావాలి. ఎలా పట్టాలి?"

తాత జాలిపడి తన చిన్న పడవా, ఓ వలా ఇచ్చాడు. "జాగ్రత్తగా వినండి. పడవని ఏటివాలుకి వదిలెయ్యండి. తెడ్డు మాత్రం వదలకండి. నోరు కట్టుకోండి, చప్పుడైతే పులస బెదురుద్ది. చిన్నది పడితే నీళ్ళలోనే వదిలెయ్యండి. వల బరువెక్కితే లాగండి. అంతే."

"ఇంతేనా!" అన్నాడు దండియ్య.

ముగ్గురూ పడవ కట్టు విప్పి ఒక్క తోపు తోశారు. అది వయ్యారంగా వాలుకి పోయింది. ఒడ్డున ముగ్గురూ ఒకే తెడ్డు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు.

"తెడ్డు వదలకండిరోయ్!" అరిచాడు దండియ్య.

పడవ దూరమయ్యేకొద్దీ పోలినాయుడికి ఓ అనుమానం. "అన్నయ్యా, పులసని పడవే పట్టుకొస్తుందా?"

"తాత మనల్ని ఎక్కమన్నాడా?"

"అనలేదు."

"మరి?"

నిజమే కదా అనుకున్నాడు పోలినాయుడు. ఇంతలో తాత చూసి నెత్తి బాదుకున్నాడు. "ఓరి మీ దుంపతెగ! పడవెక్కి వదలండ్రా!"

ఇంకేముంది, ఒడ్డమ్మట పరుగో పరుగు. రెల్లు దుబ్బులకి తట్టుకుని ఆగిన పడవని పట్టుకుని ఎక్కారు. వల ఏట్లోకి జారవిడిచారు. తువ్వాళ్ళతో నోళ్ళు బిగించి కట్టుకున్నారు.

పడవ వాలుకి పోతోంది. ఉన్నట్టుండి పోలినాయుడి పక్కనే వెండిపళ్ళెంలాంటి పులస ఎగిరి పడింది! చెబుదామంటే నోటికి కట్టు. "మ్మ్! మ్మ్!" అంటూ అరచెయ్యి చేపలా ఆడించి చూపించాడు. తమ్ముడు చెంపదెబ్బ అడుగుతున్నాడనుకున్నాడు దండియ్య. అడిగితే తమ్ముడికి లేదంటాడా? ఫెడీమని ఒకటిచ్చాడు.

అంతే! పోలినాయుడు దబ్బుమని గోదాట్లో పడ్డాడు.

గవరయ్య నోటికట్టు కిందికి లాగి, "అన్నయ్యా, పడ్డాడు!" అన్నాడు.

"ఎవరు పడ్డారు?" దండియ్యా కట్టు కిందికి లాగాడు.

"చిన్నోడు."

"చిన్నది పడితే ఏం చెయ్యమన్నాడు తాత?"

"నీళ్ళలోనే వదిలెయ్యమన్నాడు."

"మరింకేం, కూర్చో."

నీళ్ళలో మునుగుతూ తేలుతూ ఇదంతా విన్నాడు పోలినాయుడు. న్యాయమే అనిపించింది. తాను నాలుగడుగులైనా ఉండడు మరి. కానీ అక్క గుర్తొచ్చింది. మూడు రోజులుగా మెతుకు ముట్టని అక్క. చేతికందిన వల పట్టుకుని వేలాడాడు.

"అన్నయ్యా, వల బరువెక్కింది!"

ఇద్దరూ ఆయాసపడుతూ లాగారు. ముందు పోలినాయుడి తల వచ్చింది. వెనకే అతని కాళ్ళ దగ్గర, వలలో చిక్కుకుని, మూరెడు పులస!

"తమ్ముణ్ణి మళ్ళీ వదిలేద్దామా?" అడిగాడు గవరయ్య.

"వద్దు. ఇందాకటి మీద నీళ్ళు తాగి పెద్దోడయ్యాడు" అన్నాడు దండియ్య.

రేవుకొచ్చేసరికి తాత నోరెళ్ళబెట్టాడు. "నిజంగానే పట్టారే! ఒరేయ్, ఈ బుట్టలో పెట్టుకుని ఎవరి కంటా పడకుండా తీసుకెళ్ళండి. చూశారంటే తలా ఓ ముక్క అడుగుతారు."

తాత అటు తిరగ్గానే దండియ్య గొంతు తగ్గించాడు. "ఎవరి కంటా అంటే మన కంటా పడకూడదన్నమాట."

ఇంకేముంది, మెడలోకి దిగిన తువ్వాళ్ళు కళ్ళకెక్కాయి. బుట్టతో పోలినాయుడు ముందు, అతని భుజం పట్టుకుని గవరయ్య, వెనక దండియ్య. ఇలా తిరిగారు, అలా తిరిగారు. కాసేపటికి పాదాలకి చల్లగా తగిలింది.

"ఇల్లొచ్చేసిందన్నయ్యా. అక్క వాకిలి కడిగింది."

"మోకాళ్ళదాకా కడిగిందేంట్రా?"

"అక్కకి శుభ్రం ఎక్కువ కదా." పోలినాయుడు బుట్ట ముందుకు చాచాడు. "అక్కా, పులస! పట్టుకో!"

ఎవరో మెత్తగా బుట్టని లాక్కున్నారు.

"తీసుకుంది! కానీ పలకలేదేం?"

"నోరు కట్టుకునుంటుంది, పులస బెదురుద్దని."

అంతలో వెనక నించి ఓ కేక. "ఒరేయ్! నడిఏట్లోకి ఎక్కడికిరా మీరు?"

కట్లు విప్పి చూస్తే నడుముదాకా గోదారి. బుట్ట దూరంగా సుడుల్లో తిరుగుతోంది. ఒడ్డున వరాలమ్మ. తమ్ముళ్ళింకా రాలేదని వెతుక్కుంటూ వచ్చింది.

ముగ్గురూ ఒడ్డుకొచ్చి జరిగిందంతా వరసగా చెప్పారు. పోలినాయుడు ఖాళీ చేతులు చాచి చూపించాడు. "నీకిచ్చాననే అనుకున్నానక్కా" అన్నాడు.

వరాలమ్మ కోప్పడదామని నోరు తెరిచింది. నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. నవ్వీ నవ్వీ కూలబడి, "అమ్మయ్యో, ఆకలేస్తోందిరా! పులసా వద్దు గిలసా వద్దు, ఇంటికొచ్చి పచ్చడి మెతుకులు తింటాను. మీరు మాత్రం కాసేపు నా కళ్ళకి కనపడకండి!" అంది.

అక్క తింటానంది! ఆ మాటకి పోలినాయుడు ఎగిరి గంతేశాడు. నీళ్ళోడుతున్న తన తువ్వాలు గబగబా పిండి, నాలుగు మడతలు వేసి, అక్క కళ్ళకి అడ్డంగా కట్టి ముడేశాడు.

"ఇప్పుడు కనపడుతున్నామా అక్కా?" అని ఎంతో ప్రేమగా అడిగాడు.