ఉద్దండవర్మ బంగారు కీబోర్డు

ఒకానొక రాజ్యంలో రాజుగారూ ఉండేవారు, ల్యాప్‌టాప్ కూడా ఉండేది. రెండూ ఒకే కాలంలో ఎలా ఉన్నాయని అడిగేవాళ్లకు ఈ కథ పనికిరాదు. ఆ రాజ్యం పేరు మేఖలపురం. రాజు పేరు ఉద్దండవర్మ.

బుద్ధెరిగిన నాటినుంచి ఆయన ఎవరికీ తల వంచలేదు. ఆ సంగతి ఆయనే అందరికీ గుర్తుచేస్తూ ఉండేవాడు. కిరీటం తగలకూడదని కోటలో గుమ్మాలన్నీ ఎత్తు పెంచారు. క్షవరం చేసేవాడు పీట ఎక్కి నిలబడేవాడు. గుడిలో పూజారి సైతం హారతి పళ్లెం ఆయన ముఖానికి సమంగా ఎత్తి పట్టుకోవలసిందే.

అలాంటి రాజుకు తన చరిత్ర తానే రాసుకోవాలని కోరిక పుట్టింది. ఆస్థాన కవులు రాసి చూపించారు గాని, అందులో పొగడ్త చాలలేదన్నాడు. ఆ రోజుల్లోనే ఓడలో వచ్చిన వర్తకుడొకడు తమలపాకంత పలచని ల్యాప్‌టాప్‌ను కానుకగా ఇచ్చాడు. రాజు దాన్ని చిన్న బల్లమీద పెట్టుకుని పొద్దున కూర్చుంటే, దీపాలు పెట్టే వేళకు లేచేవాడు.

నెల తిరిగేసరికి మెడ పట్టేసింది. భుజాలు బిగుసుకుపోయాయి. మణికట్లు లాగడం మొదలైంది. కిరీటం పెట్టుకుంటే ముందుకు జారి కనుబొమల మీద ఆగేది. సభలో నవ్వు వచ్చినవాళ్లు దగ్గు నటించి బయటికి వెళ్లేవారు.

ఆస్థాన వైద్యుడు సోమిదేవయ్య తైలం రాశాడు, కాపడం పెట్టాడు. చివరకు రాజు రాసే తీరు పక్కన నిలబడి చూసి, రోగం ఎక్కడుందో చెప్పాడు. ల్యాప్‌టాప్‌లో తెరా మీటలూ అతుక్కుని ఉంటాయి. చేతులకు వీలుగా పెట్టుకుంటే తల వంగుతుంది, తలకు వీలుగా పెట్టుకుంటే చేతులు గాలిలోకి లేస్తాయి. అందుకని దాన్ని ఎత్తు పీటమీద పెట్టి, విడిగా ఒక కీబోర్డు తగిలించుకుని రాస్తే మెడ దానంతట అదే కుదుటపడుతుందన్నాడు.

మహామంత్రి వీరభోజుడు ఈ మాట విన్నాడు. రాజుగారి వేళ్లు తాకే వస్తువు రాజుగారి స్థాయికి తగ్గట్టు ఉండాలని పట్టుబట్టి, కంసాలుల చేత బంగారు కీబోర్డు చేయించాడు. ఒక్కో మీట మీద ఒక్కో పచ్చ పొదిగించాడు. నడుమ రాజముద్ర వేయించాడు. అది మోయడానికి ఇద్దరు భటులు కావలసి వచ్చారు. మీట దిగాలంటే మేకు కొట్టినట్టు నొక్కాలి. దాని వెడల్పుకు మౌస్ ఎక్కడో బల్ల చివరికి పోయింది, అందుకోవాలంటే రాజు సింహాసనం మీంచి సగం లేవాలి. ఇక ల్యాప్‌టాప్‌ను ఎత్తు పీట ఎక్కించడం మాత్రం కుదరదన్నాడు మంత్రి. ప్రభువు ఎదుట ఏదీ ఎత్తుగా ఉండరాదట.

రాజు ఆ బంగారాన్ని చూసి మురిసిపోయాడు. వారం రాసేసరికి వేళ్లు వాచాయి. కాని తన ముద్ర ఉన్న వస్తువు బాగాలేదని ఎలా అంటాడు? కోపమంతా వైద్యుడి మీదికి మళ్లింది. విడిగా కీబోర్డు పెట్టమన్నది నువ్వే, పెడితే నొప్పి రెట్టింపయింది, మూటాముల్లే కట్టుకుని రాజ్యం విడిచిపొమ్మని నిండు సభలో ఆజ్ఞ వేశాడు. డెబ్భై ఏళ్ల సోమిదేవయ్య మందుల పెట్టె మూసి, చేతులు జోడించి నిలబడ్డాడు.

ఆ సభలో అక్కమాంబ అనే విదుషి ఉండేది. సరసమైన మాటకు ఆ రాజ్యంలో ఆమెను మించినవాళ్లు లేరు. మంచం పట్టిన ఆమె తల్లిని మళ్లీ నడిపించింది సోమిదేవయ్యే. ఆయన పెట్టె మూయడం చూసి ఆమె కూర్చోలేకపోయింది. లేచి నిలబడి, వైద్యుడు చెప్పిన మందులో దోషం లేదనీ, మనం తెప్పించిన సరుకులోనే ఏదో తేడా ఉందనీ మెల్లగా అంది.

రాజు ముఖం ఎర్రబడింది. అయితే ప్రపంచంలోకెల్లా హాయిగా ఉండే కీబోర్డు నువ్వే తీసుకురా అన్నాడు. బజారు బేరగాడిలా ఒక్కొక్కటీ నొక్కి చూడడం తనవల్ల కాదు, ఒక్కటే తేవాలి, అది నప్పి తీరాలి. నప్పితే వైద్యుడు ఉండిపోవచ్చు, నప్పకపోతే ఆయన బండిలోనే ఆమెకూ చోటు.

అక్కమాంబ అంగడివీధి అంతా తిరిగింది. పలచనివీ, మందమైనవీ, చప్పుడు చేసేవీ, చేయనివీ, నడుమ చీలి రెండు ముక్కలైనవీ ఎన్నో చూసింది. ప్రతి దుకాణదారూ ఒకే మాట అడిగాడు: రాసేది ఎవరు, ఆయన చెయ్యి ఎంత, ఒకసారి ఆయన్నే వచ్చి నొక్కి చూడమనండి. ఒకరి చేతికి నప్పేది మరొకరు ఎంచలేరు. ఆ చేయి గల మనిషేమో నొక్కి చూడనని భీష్మించుకు కూర్చున్నాడు.

ఇంటికి పోయే దారిలో ఆమెకు ఒక ఉపాయం తోచింది. నేరుగా మహామంత్రి ఇంటికి వెళ్లింది. కీబోర్డుల మంచిచెడ్డలు తమకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తాయని ఆయన్ని కాస్త పైకెత్తింది. వీరభోజుడు ఉబ్బిపోయి, కళ్లు మూసుకుని వేలి కొసతో తాకినా చెప్పగలనన్నాడు. ఆమెకు కావలసిందీ అదే.

మర్నాడు సభలో ఆమె ఓడిపోయినట్టు ముఖం పెట్టింది. నాలుగింటి దగ్గర తన తెలివి ఆగిపోయిందనీ, వాటిలో మేలైనది ఏదో తేల్చాలంటే చూడకుండా వేళ్లతోనే కనిపెట్టగల మహానుభావుడు కావాలనీ చెప్పింది. అంతటివారు రాజ్యంలో మహామంత్రిగారు ఒక్కరే ఉన్నారట, నిన్న వారే సెలవిచ్చారు అంది.

రాజు మంత్రివైపు తిరగబోయాడు, మెడ తిరగలేదు, ఒళ్లంతా తిరిగాడు. తన రాజ్యంలో తనకంటే నేర్పున్న వేళ్లు మంత్రికి ఉన్నాయా అని అడిగాడు. వీరభోజుడు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

“పరీక్ష నేనే చేస్తాను,” అన్నాడు రాజు.

అక్కమాంబ నాలుగు కీబోర్డుల మీదా పలచని పట్టుగుడ్డ బిగించి, చేతులకు అడ్డంగా తెర కట్టించింది. ల్యాప్‌టాప్‌ను మాత్రం రాజు కళ్లకు సమంగా ఎత్తు పీటమీద పెట్టించింది. మంత్రి అడ్డు చెప్పబోతే ఆమె రాజుతోనే అంది: “ప్రభూ, అది కిందుంటే తమరు చూడ్డానికి తల వంచాలి. తల వంచి చేతులకేసి చూశారని రేపు ఎవరైనా అనవచ్చు.”

“నేను తల వంచడమా? అక్కడే ఉండనీ,” అన్నాడు రాజు.

తన బిరుదులతోనే పరీక్ష మొదలుపెట్టాడు. అవన్నీ ఒత్తుల మీద ఒత్తులున్న మాటలు. మొదటి దానిమీద వేళ్లు జారాయి, ఒక ఒత్తు పోయి ప్రచండుడు కాస్తా పచండుడయ్యాడు. రెండోది మరీ ఎత్తు, మణికట్టు పైకి విరిచి రాయవలసి వచ్చింది. మూడోది తెర వెనక్కి రాగానే అక్కమాంబ చూపు రాజు ముఖం మీద నిలిచింది. రాజు గుర్తుపడితే కథ అక్కడితో సరి. కాని ఆయన ఇన్నాళ్లూ దాన్ని కళ్లతో చూసి మురిశాడే గాని వేళ్ల మాట విన్నది లేదు. రెండు బిరుదులు కొట్టి చేయి విదిలించుకున్నాడు.

“ఇది కీబోర్డా, రుబ్బురోలా?” అన్నాడు.

నాలుగోది తేలికగా, పొట్టిగా ఉంది. మీటలు మెత్తగా దిగుతున్నాయి. మోచేతులు ఒంటికి ఆనుకునే ఉన్నాయి, మౌస్ చేతి పక్కనే తగిలింది. బిరుదులన్నీ పూర్తయ్యాయి. రాజు ఆగలేదు. చరిత్రలో ఎప్పుడో ఆగిపోయిన యుద్ధం అందుకుని, శత్రువుల ఏనుగులను వరుసపెట్టి కూల్చడం మొదలుపెట్టాడు. సభికులు నిలబడి నిలబడి కాళ్లు మార్చుకున్నారు. చివరి ఏనుగు కూలాక అక్కమాంబ చిన్నగా దగ్గింది.

రాజు తేరుకుని తీర్పు చెప్పాడు. నాలుగోదే మేలైనది, అది చేసినవాణ్ని పిలిచి సత్కరించాలి. ఆ మూడోది చేయించినవాణ్ని మాత్రం పొలిమేర దాటించాలి.

అక్కమాంబ గుడ్డలు తీసింది. నాలుగోది అంగడివీధిలో ఎవరైనా కొనుక్కునే మామూలు నల్ల కీబోర్డు. మూడోదాని మీద పచ్చలు తళుక్కుమన్నాయి, నడుమ రాజముద్ర మెరిసింది. మహామంత్రి తన కాలి వేళ్లను చూసుకుంటూ నిలబడ్డాడు.

రాజు ఒక పచ్చను వేలితో తట్టి చూశాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు: “అక్కమాంబా, నా ముద్రను నా నోటితోనే తిట్టించావు.”

ఆమె చేతులు జోడించింది.

“ప్రభూ, ఈ రాజ్యంలో తమరు రాజని తెలియనివి రెండే ఉన్నాయి, తమ వేళ్లు, తమ మెడ. మేమంతా భయపడి బంగారం బాగుందన్నాం. వేళ్లకు ఆ భయం లేదు, ఉన్నమాట చెప్పేశాయి.”

“మరి మెడ ఏం చెప్పింది?”

“ఎవరికీ వంగని తల నెలకు పైగా ఒక యంత్రానికి పొద్దస్తమానం వంగి ఉందని మొరపెట్టుకుంది. ఇవాళ యంత్రమే లేచి తమ ఎదుట నిలబడింది. తమరు తల ఎత్తుకునే రాశారు.”

రాజు అసంకల్పితంగా మెడ తడుముకున్నాడు. కుడివైపు తిప్పాడు, ఎడమవైపు తిప్పాడు. కొద్దిగా పట్టినా తిరిగింది. కిరీటం జారలేదు. ముందు మీసం కదిలింది, తరువాత భుజాలు కదిలాయి, ఆపైన ఆయన సింహాసనం చేతులు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. రాజు నవ్వాక సభ ఆగుతుందా?

సోమిదేవయ్యకు తన పక్కన ఆసనం వేయించి, మందుల పెట్టె తన చేత్తోనే తెరిచి ఇచ్చాడు. మంత్రిని పొలిమేర దాటించలేదు గాని, ఇకమీదట ఆయన నివేదికలన్నీ ఆ బంగారు కీబోర్డు మీదే రాయాలన్నాడు. తాటిచెట్టంత పొడుగు వాక్యాలు రాసే వీరభోజుడు నాలుగు రోజుల్లోనే అరపేజీకి దిగాడు.

ఇక అక్కమాంబను పిలిచి, నవరత్నాల కంకణం తొడగబోయాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

“మన్నించండి ప్రభూ. ఇంత బరువు కట్టుకుని టైపు చేస్తే నా మణికట్టుకూ వైద్యుడు కావలసి వస్తుంది.”

రాజు ఒక్క క్షణం ఆలోచించి, మహాపండితుల కాలికి తొడిగే గండపెండేరం తెప్పించాడు.

“కాళ్లతో ఎవరూ టైపు చేయరు కదా,” అన్నాడు.

అక్కమాంబ నవ్వేసి కాలు ముందుకు చాపింది. పెండేరం తొడగడానికి ఉద్దండవర్మ వంగినప్పుడు సభలో అందరూ పైకప్పు కేసి చూశారు.